మూడు రంధ్రాల సాకెట్, నాలుగు పిన్నుల డ్రయర్: అడాప్టర్ వద్దు, కార్డ్ మార్చండి

అడిగింది ఇదీ: డల్లాస్ దగ్గర 1989లో కట్టిన ఇల్లు కొన్నారు. అపార్ట్‌మెంట్‌లో వాడిన, బట్టలు ఆరబెట్టే కరెంటు డ్రయర్‌ని వెంట తెచ్చుకున్నారు, దానికి నాలుగు పిన్నుల ప్లగ్ ఉంది. కొత్త ఇంటి లాండ్రీ గదిలో గోడకి మూడు రంధ్రాల సాకెట్ ఉంది. నాలుగు నుంచి మూడుకి మార్చే అడాప్టర్ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, అది చాలా, లేక సాకెట్టే మార్చాలా?

అడాప్టర్ కొనకండి. డ్రయర్‌కి ప్లగ్ శాశ్వతంగా అతికించి రాదు. అమెరికాలో డ్రయర్ కొంటే కార్డ్ (ప్లగ్ ఉన్న కరెంటు వైరు) విడిగానే కొనాలి, దాన్ని విప్పి ఇంకోటి బిగించడానికి వీలుగానే వెనక టెర్మినల్ బ్లాక్ (వైర్లు స్క్రూలతో బిగించే దిమ్మె) పెడతారు. గోడలో ఏ సాకెట్ ఉందో ఆ కార్డ్ వేసుకోవాలి. అయితే కార్డ్ మార్చిన ప్రతిసారీ డ్రయర్ లోపల బాండింగ్ స్ట్రాప్ అనే చిన్న పట్టీని కూడా కార్డ్‌కి తగ్గట్టు మార్చాలి. కార్డ్ సంగతి అందరికీ తెలుసు, పట్టీ సంగతే మర్చిపోతారు. అది తప్పుగా ఉన్నా డ్రయర్ చక్కగా తిరుగుతుంది, బట్టలు ఆరతాయి. ప్రమాదం అక్కడే ఉంది.

ముందు కరెంటు ఎలా వస్తుందో చూడండి. అమెరికా ఇంటికి రెండు హాట్ వైర్లు (మన ఫేజ్ వైర్లు), ఒక న్యూట్రల్ వస్తాయి. ఒక్కో హాట్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 120 వోల్టులు, రెండు హాట్‌ల మధ్య 240. డ్రయర్‌లో హీటర్ 240 మీద పనిచేస్తుంది. డ్రమ్ము తిప్పే మోటారు, టైమరు, లోపలి బల్బు మాత్రం సాధారణంగా 120 మీద నడుస్తాయి, అంటే ఒక హాట్‌కీ న్యూట్రల్‌కీ మధ్య. కాబట్టి డ్రయర్ తిరుగుతున్నంత సేపూ న్యూట్రల్‌లో కరెంటు పారుతూనే ఉంటుంది. గ్రౌండ్ వైరు అలా కాదు, అది మన ఎర్త్. మామూలుగా అందులో ఏమీ పారకూడదు, ఏదైనా వైరు తెగి బాడీకి తగిలినప్పుడు బ్రేకర్ పడేలా దారి ఇవ్వడమే దాని పని.

నాలుగు పిన్నుల ప్లగ్‌లో (నెమా 14-30; నెమా అంటే అమెరికా ప్లగ్, సాకెట్ల ప్రమాణం) రెండు హాట్‌లు, న్యూట్రల్, గ్రౌండ్ వేరువేరుగా ఉంటాయి. మూడు పిన్నుల దాంట్లో (నెమా 10-30) రెండు హాట్‌లు, న్యూట్రల్ అంతే. గ్రౌండ్ లేదు. అందుకని డ్రయర్ లోపల ఒక రాగి పట్టీతోనో వైరుతోనో న్యూట్రల్ టెర్మినల్‌ని ఇనుప బాడీకి కలిపేస్తారు. న్యూట్రలే గ్రౌండ్ పని కూడా చేస్తుందన్నమాట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రాగి ఆదా చేయడానికి ఎలక్ట్రిక్ పొయ్యిల కోసం మొదలైన ఈ సడలింపు, యుద్ధం అయిపోయాక కూడా దశాబ్దాల పాటు కొనసాగింది, డ్రయర్లకూ పాకింది. 1996 నాటి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ (అమెరికా వైరింగ్ నిబంధనలు) కొత్త సర్క్యూట్లకు దాన్ని ఎత్తేసింది. అంతకు ముందు వేసినవి అలాగే ఉండొచ్చని మినహాయింపు ఇచ్చింది. ఒక్కో ఊరు కొత్త కోడ్‌ని ఒక్కోప్పుడు అమల్లోకి తెస్తుంది కాబట్టి 1997, 98లో కట్టిన ఇళ్ళలో కూడా మూడు రంధ్రాలవి కనిపిస్తాయి. మీది 1989 ఇల్లు, కనక మూడు రంధ్రాలు ఉండటం వింతేమీ కాదు, తప్పు కూడా కాదు.

ఇప్పుడు పట్టీ తప్పితే ఏమవుతుందో చూడండి. పట్టీ రెండు రకాలుగా తప్పొచ్చు, మూడో ప్రమాదం పట్టీ సరిగ్గా ఉన్నా ఉంటుంది.

నాలుగు వైర్ల కార్డ్ వేసి పట్టీ తీయకపోతే, న్యూట్రల్‌లో పోవాల్సిన కరెంటు రెండుగా చీలి గ్రౌండ్ వైరులోనూ, డ్రయర్ బాడీలోనూ పారుతుంది. న్యూట్రల్ ఎక్కడైనా ఊడిపోయినా డ్రయర్ ఆగదు, మొత్తం కరెంటు గ్రౌండ్ మీదుగానే పోతూ ఉంటుంది, ఎవరికీ తెలియదు. ఆ తర్వాత గ్రౌండ్ కూడా వదులైతే బాడీ మొత్తం 120 వోల్టులకు ఎక్కుతుంది.

మూడు వైర్ల కార్డ్ వేసి పట్టీ లేకుండా వదిలేస్తే బాడీకి ఏ దారీ ఉండదు. హీటర్ కాయిల్ తెగి సాగి చుట్టూ ఉన్న ఇనుప గూడుకి తగలడం పాత డ్రయర్లలో తరచూ వచ్చే లోపమే. అప్పుడు బాడీ హాట్ అవుతుంది, బ్రేకర్ మాత్రం పడదు. పక్కనే వాషింగ్ మెషీన్ ఉంటుంది, దానికి సరైన గ్రౌండ్ ఉంటుంది. తడి బట్టలు తీస్తూ ఒక చెయ్యి దాని మీద, ఇంకో చెయ్యి దీని మీద పెడితే కరెంటు గుండె మీదుగా పోతుంది. నాలుగు నుంచి మూడుకి మార్చే అడాప్టర్ వద్దన్నది ఇందుకే. మీ డ్రయర్‌కి నాలుగు వైర్ల కార్డ్ సరిగ్గా వేసి ఉంటే పట్టీ ఇప్పటికే తీసేసి ఉంటుంది. అడాప్టర్ పెడితే గ్రౌండ్ పిన్ను గాల్లో ఉన్నట్టే, పైగా పట్టీ లేదు. కొన్ని అడాప్టర్లకు ఒక ఆకుపచ్చ తోక వైరు వేలాడుతుంది, దాన్ని ఎక్కడో కలుపుకోమంటారు. మూడు రంధ్రాల సాకెట్ దగ్గర దాన్ని కలపడానికి నమ్మకమైన చోటు సాధారణంగా ఉండదు.

మూడోది, అన్నీ సరిగ్గా ఉన్నా మూడు వైర్ల పద్ధతిలోనే ఉన్న లోపం. న్యూట్రల్ సాకెట్ దగ్గర వదులై తెగితే, మోటారు గుండా వచ్చిన కరెంటు పట్టీ దారిన బాడీకి చేరి ఆగుతుంది. డ్రయర్ స్టార్ట్ కాదు, ముట్టుకుంటే షాక్ కొడుతుంది. మూడు వైర్ల డ్రయర్ ఉన్నట్టుండి స్టార్ట్ కావడం ఆగిపోతే తలుపు, బాడీ తడుముతూ చూడకండి, ముందు ప్యానెల్‌లో (బ్రేకర్ల పెట్టెలో) బ్రేకర్ ఆపండి.

సరే, మీ గోడలో ఉన్నది నిజంగా 10-30 అవునా కాదా చూసుకోండి. కింద మధ్యలో ఎల్ ఆకారపు చీలిక, పైన ఏటవాలుగా రెండు తిన్నని చీలికలు ఉంటే అదే. మధ్యది కూడా నిటారుగా ఉంటే అది 10-50, పొయ్యి సాకెట్. మూడింట్లో ఒకటి గుండ్రంగా గానీ యూ ఆకారంలో గానీ ఉంటే అది 6-30 లాంటిది, అందులో గ్రౌండ్ ఉంది, న్యూట్రల్ లేదు. వెల్డింగ్ మెషీన్, ఏసీల కోసం వేస్తారు, డ్రయర్‌కి పనికిరాదు. నాలుగు రంధ్రాల్లోనూ ఇదే తేడా: న్యూట్రల్ ఎల్ ఆకారంలో ఉంటే 14-30, నిటారుగా ఉంటే 14-50. గోడలో 50 ఆంపియర్ల సాకెట్ ఉంది కదా అని డ్రయర్‌కి 50 ఆంపియర్ల కార్డ్ బిగించకూడదు. డ్రయర్‌ని 30 ఆంపియర్ల బ్రేకర్‌కే తయారు చేస్తారు. మామూలు పెద్ద డ్రయర్ 5,000 నుంచి 5,600 వాట్లు లాగుతుంది. 5,600ని 240తో భాగిస్తే 23 ఆంపియర్ల పైచిలుకు, 30లో 80 శాతం అయిన 24కి లోపలే. 50 బ్రేకర్ మీద పెడితే లోపలి సన్న వైరు మాడిపోతున్నా బ్రేకర్ కదలదు.

తర్వాత బ్రేకర్ ఆపి, మీటరుతో రంధ్రాల్లో కరెంటు లేదని చూసుకుని, సాకెట్ విప్పి లోపలి వైర్లు చూడండి. మీకు ఏ దారి ఉందో ఇక్కడే తేలుతుంది.

నలుపు, ఎరుపు, తెలుపు, వెనక ముడిచి పెట్టిన బోడి రాగి వైరు, నాలుగూ ఉన్నాయనుకోండి. మీ అదృష్టం. కేబుల్ నాలుగు వైర్లదే, అప్పట్లో మూడు రంధ్రాల సాకెట్ బిగించారంతే. ఆ బోడి వైరు ప్యానెల్‌లో గ్రౌండ్ బార్‌కి కలిసి ఉందో లేదో చూసుకుని 14-30 సాకెట్ పెట్టేయండి. మీ డ్రయర్ ఉన్న కార్డ్‌తోనే పనిచేస్తుంది, పట్టీ తీసే ఉందో లేదో చూసుకుంటే చాలు. ఈ స్థితి అనుకున్నదానికంటే ఎక్కువ ఇళ్ళలో ఉంటుంది, అందుకే కార్డ్ కొనేముందే సాకెట్ విప్పమంటున్నాను.

నలుపు, ఎరుపు, తెలుపు మాత్రమే ఉండి గ్రౌండ్ లేకపోతే అది పాత పద్ధతి, పాత సర్క్యూట్‌గా చెల్లుతుంది. వైరు రాగి అయితే 10 గేజ్, అల్యూమినియం అయితే 8 గేజ్ కంటే సన్నగా ఉండకూడదు (గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావు). న్యూట్రల్ బోడిగా, అల్లిన తీగలా ఉంటే అది సర్వీస్ ఎంట్రన్స్ కేబుల్, అంటే బయటి నుంచి ఇంటి ప్యానెల్‌కి కరెంటు తెచ్చే రకం. అలాంటిది మెయిన్ సర్వీస్ ప్యానెల్ నుంచి నేరుగా వచ్చి ఉంటేనే చెల్లుతుంది, సబ్‌ప్యానెల్ (మెయిన్ నుంచి పాయ తీసిన చిన్న ప్యానెల్) నుంచి వస్తే చెల్లదు.

అసలు చెల్లనిది ఇంకొకటుంది. ప్లాస్టిక్ తొడుగున్న మామూలు కేబుల్‌లో నలుపు, తెలుపు రెండూ హాట్‌గా వాడి, బోడి గ్రౌండ్ వైరుని న్యూట్రల్ చేసి ఉంటారు. ఇది ఏ రోజుల్లోనూ కోడ్‌కి ఒప్పలేదు. తొడుగు లేని వైరులో ఎప్పుడూ కరెంటు పారుతూ, ఇనుప పెట్టెకీ పక్క వైర్లకీ తగులుతూ ఉంటుంది. ఇది కనిపిస్తే కార్డ్ సంగతి పక్కన పెట్టి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి నాలుగు వైర్ల 10 గేజ్ కేబుల్ కొత్తగా లాగించండి.

మూడు వైర్లే ఉన్నచోట 14-30 సాకెట్ పెట్టి, వెనక న్యూట్రల్‌కీ గ్రౌండ్‌కీ ఒక ముక్క వైరు కలిపేసి ‘మార్చేశాం’ అనేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, చేయనివ్వకండి. మూడు రంధ్రాల సాకెట్ కనీసం తనలో గ్రౌండ్ లేదని చెబుతుంది. ఇది లేని గ్రౌండ్ ఉందని నమ్మిస్తుంది. దగ్గర్లో ఉన్న నీళ్ళ పైపుకి వైరు చుట్టడమూ గ్రౌండ్ కాదు. నిజంగా గ్రౌండ్ కావాలంటే ఆ సర్క్యూట్ మొదలయ్యే ప్యానెల్ దాకా విడిగా 10 గేజ్ రాగి వైరు లాగొచ్చు, దానికి కోడ్‌లో దారి ఉంది. మీ ఊరి ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి. పర్మిట్ కూడా చాలా ఊళ్ళలో కావాలి. ప్యానెల్‌కీ లాండ్రీ గదికీ మధ్య అటకో, తెరిచి ఉన్న గరాజ్ గోడో ఉంటే ఒక్క గ్రౌండ్ కాక మొత్తం కేబులే మార్చడం మంచిది, పని దాదాపు అంతే పడుతుంది.

అద్దె ఇంట్లో ఉంటే సాకెట్ జోలికి వెళ్ళకండి, అది యజమాని పని. మీ చేతిలో ఉన్నది కార్డ్.

కార్డ్ మార్చడం గంట లోపు పని. కావలసినవి: ‘డ్రయర్’ అని రాసి ఉన్న 30 ఆంపియర్ల మూడు పిన్నుల కార్డ్, యూఎల్ గుర్తున్న (భద్రతా పరీక్ష పాసైన) ముప్పావు అంగుళం స్ట్రెయిన్ రిలీఫ్, అంటే కార్డ్‌ని కదలకుండా పట్టే బిగింపు (కొన్ని కార్డులతో ఇదీ వస్తుంది), స్క్రూడ్రైవరు, మీటరు. కార్డ్ పొడవు 4, 6 అడుగుల్లో దొరుకుతుంది, డ్రయర్‌ని ముందుకు లాగి లింట్ (బట్టల నూగు) గొట్టం శుభ్రం చేసుకోవడానికి 6 అడుగులదే వీలు. ఎక్స్‌టెన్షన్ కార్డ్ మాత్రం వద్దు.

బ్రేకర్ ఆపి, ప్లగ్ పీకి, డ్రయర్ వెనక కింది భాగంలో ఉన్న చిన్న మూత తీయండి. లోపల వరసగా మూడు స్క్రూలు కనిపిస్తాయి. మధ్యది న్యూట్రల్, సాధారణంగా వెండి రంగులో ఉంటుంది. అటూ ఇటూ ఉన్నవి హాట్‌లు. పక్కన బాడీ మీద ఆకుపచ్చ స్క్రూ ఉంటుంది. విప్పేముందు ఫోనుతో ఫొటో తీసుకోండి. పాత కార్డ్‌లో తెలుపు మధ్యకి, నలుపు ఎరుపు పక్కలకి, ఆకుపచ్చ బాడీకి ఉండాలి. అలా లేకపోతే ఇంతకు ముందు బిగించినవాళ్ళు తప్పు చేశారన్నమాట.

కొత్త మూడు వైర్ల కార్డ్ బల్లపరుపుగా ఉంటుంది, మూడు పాయలూ ఒకే రంగు కావచ్చు. మధ్య పాయే న్యూట్రల్. దాన్ని మధ్య స్క్రూకే బిగించాలి. పక్క పాయలు ఏది ఎటు ఉన్నా ఫరవాలేదు. తర్వాత పట్టీ. ఇది కంపెనీని బట్టి రెండు రూపాల్లో ఉంటుంది. కొన్నిట్లో రాగి రేకు, మధ్య స్క్రూ నుంచి బాడీకి. నాలుగు వైర్లకు మార్చినప్పుడు దాన్ని తీసి పారేసి ఉంటే మళ్ళీ కొనాలి, మోడల్ నంబరు చెబితే విడిభాగాల దుకాణంలో దొరుకుతుంది. ఇంకొన్నిట్లో రేకు బదులు లోపలి నుంచి వచ్చే వైరు ఉంటుంది. నాలుగు వైర్ల కార్డ్‌కి దాని కొస మధ్య స్క్రూ కింద ఉంటుంది, మూడు వైర్లకి దాన్ని ఆకుపచ్చ స్క్రూకి మార్చాలి. మూత లోపలి వైపు బొమ్మ అతికించి ఉంటుంది, లేదంటే మాన్యువల్‌లో ఉంటుంది. మీ మోడల్ బొమ్మ చెప్పిందే చేయండి. రేకు తీయాల్సి వచ్చినవాళ్ళు చిన్న కవర్లో పెట్టి డ్రయర్ వెనక టేపు వేసి ఉంచండి, ఇల్లు మారినప్పుడు అక్కరకొస్తుంది.

స్క్రూలు గట్టిగా బిగించండి. డ్రయర్ టెర్మినళ్ళు మాడిపోవడానికి మొదటి కారణం వదులు స్క్రూ. వదులైన చోట నిరోధం పెరిగి, 20 ఆంపియర్ల పైన కరెంటుకి వేడెక్కి, ప్లాస్టిక్ బ్లాక్ కరిగి, స్క్రూ ఇంకా వదులవుతుంది. బ్లాక్ ఇప్పటికే గోధుమ రంగుకి తిరిగి ఉంటే, వైరు కొస పెళుసుగా ఉంటే కార్డ్‌తో పాటు బ్లాక్ కూడా మార్చండి, శుభ్రం చేసి వాడటం కుదరదు. స్ట్రెయిన్ రిలీఫ్ రెండు ముక్కల్నీ రంధ్రంలో బిగించి కార్డ్‌ని పట్టి ఉంచాలి. అది లేకపోతే డ్రయర్ అదురుకి రేకు అంచు రోజూ కొంచెం కొంచెం తొడుగుని కోస్తుంది, ఒకనాటికి లోపలి రాగి బయటపడుతుంది.

గోడకి పెట్టకముందే మీటరుని ఓమ్స్‌లో పెట్టి చూడండి. మూడు వైర్ల కార్డ్‌లో ఎల్ పిన్నుకీ బాడీకీ మధ్య దాదాపు సున్నా చూపించాలి. నాలుగు వైర్ల కార్డ్‌లో గుండ్రటి పిన్నుకీ బాడీకీ మధ్య సున్నా, ఎల్ పిన్నుకీ బాడీకీ మధ్య మాత్రం తెగినట్టు చూపించాలి. ఈ రెండో పరీక్షలో సున్నా వస్తే పట్టీ ఇంకా లోపలే ఉంది. డెలివరీ వాళ్ళు బిగించిన కొత్త డ్రయర్‌కి కూడా ఈ పరీక్ష చేయండి. ఫ్యాక్టరీ నుంచి పట్టీ తగిలించే వస్తుంది, తీయడం బిగించేవాళ్ళ బాధ్యత.

సాకెట్‌లో వోల్టేజి: హాట్ నుంచి హాట్‌కి 240 చుట్టూ, ఒక్కో హాట్ నుంచి ఎల్ చీలికకి 120. నాలుగు రంధ్రాలదైతే ఒక్కో హాట్ నుంచి గ్రౌండ్‌కి కూడా 120, న్యూట్రల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య సున్నాకి దగ్గరగా. డ్రమ్ము తిరుగుతూ వేడి రాకపోతే హీటర్ కొనేముందు ఇదే కొలవండి. ఒక హాట్ పోతే మోటారు రెండో హాట్ మీద తిరుగుతుంది, హీటర్‌కి మాత్రం 240 అందదు. జంట బ్రేకర్‌ని పూర్తిగా ఆపి మళ్ళీ వేస్తే కొన్నిసార్లు అక్కడితో తీరిపోతుంది. అపార్ట్‌మెంట్‌లో హాట్ నుంచి హాట్‌కి 208 చూపిస్తే కంగారు పడకండి, ఆ భవనానికి త్రీ ఫేజ్ సప్లై ఉంది. హీటర్ శక్తి నాలుగో వంతు తగ్గుతుంది, బట్టలు ఆలస్యంగా ఆరతాయి, డ్రయర్ చెడిపోలేదు.

కొత్తగా సర్క్యూట్ వేయించేవాళ్ళకి ఒక మాట. 2020 కోడ్ నుంచి లాండ్రీ గదిలో డ్రయర్ సాకెట్‌కి కూడా జీఎఫ్‌సీఐ (కరెంటు గ్రౌండ్‌కి లీకైతే వెంటనే ఆపేసే) రక్షణ అడుగుతున్నారు, రాష్ట్రాన్ని బట్టి మార్పులుంటాయి. పట్టీ తీయని డ్రయర్‌ని అలాంటి సాకెట్‌కి పెట్టి స్టార్ట్ నొక్కగానే బ్రేకర్ పడిపోతుంది. బ్రేకర్ చెడిందని మార్చేముందు డ్రయర్ వెనక మూత తీసి చూడండి.

ఇదే సాకెట్ నుంచి కారు కూడా చార్జ్ చేసుకుందామనుకునేవాళ్ళు 24 ఆంపియర్లకు మించి లాగకూడదు. డ్రయర్ గంటసేపు నడిచి ఆగుతుంది, కారు రాత్రంతా లాగుతుంది. చవక సాకెట్లు ఆ వేడికి కరుగుతాయి. డ్రయర్, కారు రెండూ ఒకేసారి నడవకుండా చూసే స్ప్లిటర్లు ఉన్నాయి, మామూలు రెండు మూతుల స్ప్లిటర్ వద్దు.

ఇండియాకి తిరిగి వెళ్ళేవాళ్ళు ఈ డ్రయర్‌ని కంటైనర్‌లో వేయకండి. అక్కడ ఒకే ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 ఉంటుంది. హీటర్ ఒప్పుకున్నా, 120 వోల్టుల మోటారుకి కావలసిన మధ్య న్యూట్రల్ ఉండదు. కార్డ్ తెంపి 16 ఆంపియర్ల ప్లగ్ పెట్టి న్యూట్రల్ కలిపితే మోటారు, బోర్డు మాడిపోవచ్చు. రెండు ఫేజ్‌ల మధ్య కలుపుదామంటే అక్కడ 400 వోల్టుల పైన ఉంటుంది. 6,000 వాట్ల స్థాయి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా 60 హెర్ట్‌జ్ మోటారు 50 మీద ఆరో వంతు నెమ్మదిగా తిరిగి వేడెక్కుతుంది. ఇక్కడే అమ్మేసి, అక్కడ 230 వోల్టులది కొనుక్కోండి.